పెళ్లి రిజిస్ట్రేషన్‌కి ఆన్‌లైన్‌లో దరఖాస్తు: శుభలేఖ దగ్గర్నుంచి సర్టిఫికెట్ చేతికొచ్చే దాకా

మా చుట్టాల్లో, స్నేహితుల్లో ఎవరింట్లో పెళ్లి జరిగినా నెల తిరక్కుండా నాకు ఫోన్ వస్తుంది. "మ్యారేజ్ సర్టిఫికెట్ ఆన్‌లైన్‌లోనే వచ్చేస్తుందట కదా, ఎలా?" అని. అడిగేది కొత్త పెళ్లికూతురు కావచ్చు, వీసా టెన్షన్‌లో ఉన్న వాళ్ల నాన్నగారు కావచ్చు, ప్రశ్న మాత్రం ఒకటే. అందుకే ఒక్కసారి వివరంగా రాసిపెడుతున్నాను. తెలంగాణ, ఆంధ్రప్రదేశ్‌లలో హిందూ పద్ధతిలో పెళ్లి చేసుకుని, దాన్ని సబ్ రిజిస్ట్రార్ ఆఫీసులో నమోదు చేయించుకోవాలనుకునేవాళ్ల కోసం ఇది. మిగతా పద్ధతుల గురించి అవసరమైనంత వరకు చెబుతాను.

ముందే ఒక మాట. వివరాలు నింపడం, స్లాట్ బుక్ చేసుకోవడం, ఫీజు కట్టడం వరకే ఆన్‌లైన్. ఆ తర్వాత భార్యాభర్తలిద్దరూ సాక్షులను వెంటబెట్టుకుని ఆఫీసుకు వెళ్లి సంతకాలు పెట్టాల్సిందే. ఒకరు అమెరికాలో, ఇంకొకరు ఇక్కడ ఉండి పని కానిద్దాం అనుకుంటే కుదరదు. పెళ్లయ్యాక ఎవరైనా విదేశం వెళ్లేది ఉంటే, టికెట్ తేదీకి ముందే ఈ పని ముగించుకోండి.

ఇంకో మాట. ఫారం నింపడం అరగంట పని. ఆఫీసుకెళ్లిన వాళ్లు వెనక్కి తిరిగొచ్చారంటే, నేను చూసినంతలో కారణం ఎప్పుడూ ఒక్కటే: ఒక కాగితంలో ఉన్న పేరో, తేదీయో, అడ్రసో ఇంకో కాగితంలో వేరేగా ఉండటం. కాగితాలన్నీ మంచం మీద పక్కపక్కన పరుచుకుని అక్షరం అక్షరం చూసుకోవడమే అసలు పని. కంప్యూటర్ ఆ తర్వాత తెరవండి.

మీ పెళ్లి ఏ చట్టం కిందకు వస్తుంది?

ఇద్దరూ హిందువులై (బౌద్ధులు, జైనులు, సిక్కులు కూడా ఇందులోకే వస్తారు) పెళ్లి తంతు ఇప్పటికే జరిగిపోయి ఉంటే, హిందూ వివాహ చట్టం, 1955 కింద నమోదు చేస్తారు. ఎక్కువమందికి కావాల్సింది ఇదే.

మతాలు వేరైనా, అసలు తంతు లేకుండా ఆఫీసులోనే పెళ్లి చేసుకోవాలనుకున్నా ప్రత్యేక వివాహ చట్టం, 1954 వర్తిస్తుంది. దీని లెక్క వేరు. ఇద్దరిలో కనీసం ఒకరు ఏ జిల్లాలో 30 రోజులుగా నివాసం ఉంటున్నారో ఆ జిల్లా మ్యారేజ్ ఆఫీసర్‌కి నోటీసు ఇవ్వాలి. దాన్ని ఆఫీసులో అందరికీ కనబడేలా పెడతారు. 30 రోజుల్లో సరైన అభ్యంతరం ఏదీ రాకపోతే ముగ్గురు సాక్షుల ముందు పెళ్లి జరిపిస్తారు. నోటీసు ఇచ్చిన నాటి నుంచి మూడు నెలల లోపు పెళ్లి జరగకపోతే ఆ నోటీసు మురిగిపోతుంది, మళ్లీ మొదటి నుంచి ఇవ్వాలి. "వచ్చే వారం చేసేసుకుందాం" అనుకునేవాళ్లు ఈ 30 రోజులు లెక్కలో పెట్టుకోండి.

క్రైస్తవులకు 1872 నాటి భారత క్రైస్తవ వివాహ చట్టం ఉంది, ముస్లింలకు ఖాజీ ఇచ్చే నిఖానామా ఉంటుంది. వాళ్లు కూడా కావాలనుకుంటే జరిగిపోయిన పెళ్లిని ప్రత్యేక వివాహ చట్టం కింద నమోదు చేయించుకోవచ్చు. దానికీ 30 రోజుల నోటీసు తప్పదు.

రిజిస్ట్రేషన్ చేయించుకోకపోతే పెళ్లి చెల్లదేమోనని కొంతమంది పెద్దవాళ్లు భయపడుతుంటారు. అలాంటిదేం లేదు. నమోదు కానంత మాత్రాన హిందూ వివాహం చెల్లకుండా పోదని చట్టంలోనే ఉంది. అయితే ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 2002లోనే పెళ్లిళ్ల నమోదును తప్పనిసరి చేస్తూ చట్టం తెచ్చారు. 2006లో సుప్రీంకోర్టు కూడా అన్ని పెళ్లిళ్లనూ నమోదు చేయాలని అన్ని రాష్ట్రాలకూ చెప్పింది. కాబట్టి ఎప్పుడో అవసరం పడినప్పుడు చూద్దాంలే అనుకోకండి. ఫ్యామిలీ పెన్షన్ దగ్గరో, ఇన్సూరెన్స్ క్లెయిమ్ దగ్గరో, కష్టంలో ఉన్నప్పుడు ఈ ఒక్క కాగితం కోసం తిరగడం ఎంత నరకమో మా మేనత్త విషయంలో దగ్గరుండి చూశాను.

దీనికి తిరగేసిన తప్పు ఒకటుంది. నిశ్చితార్థం అయింది, పెళ్లి ఆరు నెలల తర్వాత, వీసా కోసం ముందే సర్టిఫికెట్ తీసేసుకుందాం అని కొందరు అనుకుంటారు. దయచేసి ఆ పని చేయకండి. తంతు జరగకుండా కేవలం సర్టిఫికెట్ తెచ్చుకుంటే అది హిందూ వివాహం కాదని 2024లో సుప్రీంకోర్టు స్పష్టంగా చెప్పింది. ఆ కేసులోని జంట సరిగ్గా ఇలాగే ముందుగా కాగితం తీసుకున్నవాళ్లే. తొందర నిజంగా ఉంటే ప్రత్యేక వివాహ చట్టం కింద నోటీసు ఇచ్చి సక్రమంగా పెళ్లి చేసుకోండి, లేదంటే ముందు గుళ్లో పెళ్లి చేసుకుని తర్వాత నమోదు చేయించుకోండి.

కావాల్సినవి

- ఇద్దరి ఆధార్ కార్డులు
- వయసుకు రుజువు: పదో తరగతి మెమో అన్నిటికంటే మేలు. లేకపోతే బర్త్ సర్టిఫికెట్ లేదా పాస్‌పోర్టు. పెళ్లి రోజుకి అబ్బాయికి 21, అమ్మాయికి 18 నిండి ఉండాలి
- అడ్రసు రుజువు
- శుభలేఖ, అసలుది
- పెళ్లి ఫొటోలు, ఇద్దరి పాస్‌పోర్టు సైజు ఫొటోలు
- ముగ్గురు సాక్షులు, వాళ్ల గుర్తింపు కార్డులు
- గుళ్లోనో, ఫంక్షన్ హాల్లోనో పెళ్లి జరిగితే ఆ రశీదు
- ఇద్దరిలో ఎవరికైనా ఇది రెండో పెళ్లి అయితే విడాకుల డిక్రీ, లేదా మొదటి భాగస్వామి మరణ ధ్రువీకరణ పత్రం. డిక్రీ వచ్చాక అప్పీలు గడువు కూడా ముగిసి ఉండాలి

శుభలేఖలు ఇంట్లో ఒక్కటి కూడా మిగలకపోవడం మామూలే. పెళ్లికి ముందే నాలుగు తీసి బీరువాలో పెట్టుకోండి. అసలు శుభలేఖే కొట్టించకుండా అన్నవరంలోనో యాదగిరిగుట్టలోనో పెళ్లి చేసుకుంటే దేవస్థానం రశీదు జాగ్రత్త చేయండి, దాని విలువ అప్పుడు తెలియదు.

ఫొటోల గురించి కాస్త ఎక్కువే చెప్పాలి. జీలకర్ర బెల్లం ఫొటో బాగుంటుంది కానీ తెర అడ్డం, చేతులు అడ్డం, ఇద్దరి మొహాలూ సగమే కనిపిస్తాయి. తాళి కట్టే ఫొటోలో పెళ్లికొడుకు వంగి ఉంటాడు, వెనకాల చుట్టాలందరి అక్షింతలు తప్ప మొహం కనబడదు. ఆఫీసులో వాళ్లు చూసేది ఇది పెళ్లేనా, ఇద్దరూ మీరేనా అన్న రెండే విషయాలు. కాబట్టి తాళి కట్టే ఫొటో ఒకటి, తలంబ్రాలో ఏడడుగులో వేసేటప్పుడు ఇద్దరి మొహాలూ పూర్తిగా కనబడే ఫొటో ఒకటి ఎంచుకోండి. ఆల్బమ్ చేతికి రావడానికి నెలలు పడుతుంది. పెళ్లయిన మర్నాడే ఫొటోగ్రాఫర్‌ని అడిగి ఎడిటింగ్ చేయని నాలుగు ఫొటోలు వాట్సాప్‌లో డాక్యుమెంట్‌గా పంపించుకోండి. మామూలుగా ఫొటోలా పంపితే క్లారిటీ తగ్గిపోతుంది.

కంప్యూటర్ తెరవక ముందు: పేరు, తేదీ, అడ్రసు

*పేరు.* సర్టిఫికెట్ ఇంగ్లిష్‌లో వస్తుంది, చిక్కంతా అక్కడే. లక్ష్మి అనే పేరులో ఎక్స్ అక్షరం వాడారా, కే ఎస్ హెచ్ వాడారా? సౌజన్యలో ఓ యూ ఉందా, ఓ డబ్ల్యూ ఉందా? పదో తరగతి మెమోలో ఇంటిపేరు పూర్తిగా ఉండి, ఆధార్‌లో పొడి అక్షరమే ఉందా? పాస్‌పోర్టులో ఎలా ఉంది? ఒక తెల్లకాగితం మీద వరసగా రాసుకుని పోల్చండి. విదేశం వెళ్లే ఆలోచన ఉంటే సర్టిఫికెట్‌లో పేరు పాస్‌పోర్టులో ఉన్నట్టే ఉండేలా చూసుకోవడం మంచిది. ఆధార్‌లో తేడా ఉంటే ముందు దాన్ని సరిచేయించుకుని, కొత్తది వచ్చాకే దరఖాస్తు మొదలుపెట్టండి. దరఖాస్తు నడుస్తుండగా ఆధార్‌లో పేరు మార్చడం అంత తప్పు ఇంకోటి లేదు.

అమ్మాయిలకు ప్రత్యేకంగా: ఫారంలో మీ పుట్టింటి ఇంటిపేరే రాయాలి. పెళ్లయింది కదా అని భర్త ఇంటిపేరు రాసేస్తారు చాలామంది. మీ పదో తరగతి మెమోలో ఆ పేరు ఉండదు కాబట్టి అక్కడే ఆగిపోతుంది. ఇంటిపేరు మార్చుకోవాలంటే తర్వాత మార్చుకోవచ్చు. అసలు మార్చుకోవాల్సిన అవసరమే లేదు కూడా.

శుభలేఖలో "చి.ల.సౌ." తర్వాత ముద్దుపేరు వేయించి ఉంటే అదొక ఇబ్బంది. ఇంకా పెళ్లి కాని వాళ్లు ఇది చదువుతుంటే, శుభలేఖ ప్రూఫ్ చూసేటప్పుడే మెమోలో ఉన్న పేరు వేయించండి. మనలో అమ్మాయి వాళ్లు ఒక శుభలేఖ, అబ్బాయి వాళ్లు ఇంకో శుభలేఖ కొట్టిస్తారు కాబట్టి రెండూ తీసి చూడండి. ఏది తప్పుల్లేకుండా ఉందో దాన్నే జత చేయండి.

*తేదీ.* ఇది నా సొంత అనుభవం. మా పెళ్లి ముహూర్తం 14వ తేదీ శుక్రవారం రాత్రి 1 గంట 42 నిమిషాలకు, "తెల్లవారితే శనివారం". శుభలేఖలో పెద్ద అక్షరాలతో 14 అనే ఉంది. నేను ఫారంలో 14 అనే రాశాను. సాక్షులతో సహా వెళ్లి కూర్చుంటే, అక్కడి ఉద్యోగి శుభలేఖలో టైము మీద పెన్ను పెట్టి, "అమ్మా, అర్ధరాత్రి దాటింది కదా, 15 అవుతుంది" అన్నారు. ఆయన చెప్పింది నిజమే. మన పంచాంగంలో రోజు సూర్యోదయంతో మారుతుంది, ప్రభుత్వ లెక్కలో రాత్రి 12కి మారుతుంది. దరఖాస్తు సరిచేసి, మళ్లీ స్లాట్ తీసుకుని, ఇంకో రోజు వెళ్లాల్సి వచ్చింది. మా ఆయన ఊరి నుంచి పెట్టుకొచ్చిన సెలవు, సాక్షిగా వచ్చిన మావయ్య ప్రయాణం అన్నీ వృథా.

మన ముహూర్తాలు సగం అర్ధరాత్రి దాటినవే కాబట్టి మీదీ అలాంటిదేమో చూసుకోండి. ముహూర్తం రాత్రి 12 దాటి ఉంటే ఇంగ్లిష్ తేదీ మర్నాటిది రాయండి. శుభలేఖలో ముందు రోజు తేదీయే ప్రముఖంగా ఉంటే, స్లాట్ బుక్ చేయక ముందే ఒకసారి ఆ ఆఫీసుకు వెళ్లి శుభలేఖ చూపించి అడగండి. పది నిమిషాల పని. ఒకసారి సర్టిఫికెట్‌లో ఏ తేదీ పడిందో ఇక జీవితాంతం వీసా ఫారంలోనైనా, ఇన్సూరెన్స్ ఫారంలోనైనా అదే మీ పెళ్లి తేదీ. రిసెప్షన్ తేదీని పెళ్లి తేదీగా రాసినవాళ్లను కూడా చూశాను, అది అసలే వద్దు.

*అడ్రసు.* పెళ్లి ఎక్కడ జరిగిందో ఆ పరిధిలోని ఆఫీసులోగానీ, ఇద్దరిలో ఒకరి నివాసం ఉన్న పరిధిలోని ఆఫీసులోగానీ నమోదు చేయించుకోవచ్చు. పెళ్లి విజయవాడలో, కాపురం హైదరాబాద్‌లో అయినా ఫర్వాలేదు. కాకపోతే హైదరాబాద్ అడ్రసు చూపించే కాగితం ఉండాలి. ఆధార్‌లో ఇంకా ఊరి అడ్రసే ఉంటే, పెళ్లి జరిగిన చోటునో, ఆ ఊరి అడ్రసునో ఆధారంగా తీసుకుని అక్కడే చేయించుకోవడం సులువు.

దరఖాస్తు

1. కాగితాలన్నీ స్కాన్ చేసి పెట్టుకోండి. ఫోన్‌లో స్కానింగ్ యాప్ చాలు, కానీ నాలుగు మూలలూ పడాలి, బల్బు వెలుగు మెరుపు పడకూడదు. ఆధార్ రెండు వైపులా ఒకే ఫైల్‌లో ఉండాలి. శుభలేఖలో ముహూర్తం ఉన్న పేజీతో పాటు వధూవరుల పేర్లు, పెళ్లి జరిగే చోటు ఉన్న పేజీ కూడా తీయండి. ఫైల్ సైజు పరిమితి ఎంతో అప్‌లోడ్ చేసే చోటే రాసి ఉంటుంది. ఎక్కువైతే తగ్గించండి, కానీ అక్షరాలు చదవలేనంతగా కాదు. ఫైళ్లకు "స్కాన్ 1, స్కాన్ 2" అని కాకుండా "వరుడు ఆధార్, వధువు మెమో" అని పేర్లు పెట్టుకుంటే ఒకరిది ఇంకొకరి దగ్గర ఎక్కించే పొరపాటు జరగదు.

2. రిజిస్ట్రేషన్, స్టాంపుల శాఖ వెబ్‌సైట్ తెరవండి. తెలంగాణకు "రిజిస్ట్రేషన్ డాట్ తెలంగాణ డాట్ గవ్ డాట్ ఇన్", ఆంధ్రప్రదేశ్‌కు "రిజిస్ట్రేషన్ డాట్ ఏపీ డాట్ గవ్ డాట్ ఇన్". గూగుల్‌లో వెతికితే పైన ప్రకటనల్లో ప్రైవేటు సైట్లు కూడా వస్తాయి. చివర్లో "గవ్ డాట్ ఇన్" లేకపోతే మీ ఆధార్ నంబర్ ఇవ్వకండి. సైట్‌లో మెనూలు అప్పుడప్పుడూ మారుతుంటాయి. మ్యారేజ్ అన్న పదం ఎక్కడుందో చూసి, అందులో హిందూ మ్యారేజ్‌ని ఎంచుకోండి. దాని పక్కనే స్పెషల్ మ్యారేజ్ ఉంటుంది, తొందరలో అది నొక్కేసి సగం నింపాక తెలుసుకున్నవాళ్లు ఉన్నారు.

3. మొబైల్ నంబర్‌తో లాగిన్ అవ్వండి, ఓటీపీ వస్తుంది. ఆ నంబర్ మీదో మీ భాగస్వామిదో అయి ఉండాలి. నెట్ సెంటర్ వాళ్ల నంబర్ ఇస్తే తర్వాత మెసేజ్‌లన్నీ వాళ్లకే పోతాయి, మీకేమీ తెలియదు.

4. వివరాలు నింపండి. వరుడు, వధువు, ఇద్దరి తల్లిదండ్రులు, పెళ్లి తేదీ, పెళ్లి జరిగిన చోటు, సాక్షులు. ఇక్కడ రెండు చోట్ల దాదాపు అందరూ తప్పటడుగు వేస్తారు. ఒకటి వయసు: ఈ రోజుకి ఎంత అని కాదు, పెళ్లి నాటికి ఎంత అని అడిగితే ఆ లెక్కే వేయాలి. రెండోది, పెళ్లి నాటికి మీ స్థితి ఏంటన్న ప్రశ్న. అక్కడ "వివాహితులు" అని రాయకూడదు. మొదటి పెళ్లి అయితే "అవివాహితులు", లేదంటే విడాకులు తీసుకున్నవారా, భార్య లేదా భర్త చనిపోయినవారా అన్నది ఎంచుకోవాలి. తల్లిదండ్రుల పేర్లు కూడా మీ మెమోలో ఎలా ఉన్నాయో అలాగే రాయండి, వాళ్ల పేర్ల ముందు శ్రీ, కీర్తిశేషులు లాంటివి వద్దు. నింపుతూ మధ్యలో వంటకు లేవకండి. కాసేపు వదిలేస్తే సైట్ లాగౌట్ అయిపోతుంది, రాసిందంతా పోవచ్చు. సేవ్ చేసే వీలున్న ప్రతి పేజీలోనూ సేవ్ చేయండి.

5. జిల్లా, సబ్ రిజిస్ట్రార్ ఆఫీసు ఎంచుకోండి. పెద్ద ఊళ్లలో పక్కపక్క కాలనీలు వేర్వేరు ఆఫీసుల కిందకు రావచ్చు. ఇంటికి దగ్గరగా ఉందని కాదు, మీ అడ్రసు ఏ ఆఫీసు పరిధిలో ఉందో చూసి ఎంచుకోవాలి. అనుమానం ఉంటే మీ వీధిలో ఈ మధ్య ఇల్లు కొన్నవాళ్లను అడగండి. వాళ్ల దస్తావేజు మీద ఆఫీసు పేరు ఉంటుంది.

6. ఫైళ్లు అప్‌లోడ్ చేయండి. ప్రతిదీ ఎక్కాక ఒకసారి తెరిచి చూడండి. కొన్నిసార్లు ఎక్కినట్టే కనబడుతుంది కానీ ఖాళీ పేజీ ఉంటుంది.

7. స్లాట్ ఎంచుకుని ఫీజు కట్టండి. ఫీజు వందల్లోనే ఉంటుంది, ఎంతన్నది తెర మీదే కనబడుతుంది. స్లాట్ తీసుకునే ముందు ముగ్గురు సాక్షులకూ ఫోన్ చేసి ఆ రోజు ఖాళీనా అని అడగండి. ఈ ఒక్క పని మర్చిపోయి మళ్లీ స్లాట్ వెతుక్కుంటారు. ఖాతాలో డబ్బు కట్ అయి రశీదు రాకపోతే వెంటనే రెండోసారి కట్టేయకండి. బ్యాంకు మెసేజ్‌లోని ట్రాన్సాక్షన్ నంబర్ రాసుకుని, కాసేపయ్యాక మళ్లీ లాగిన్ అయి పేమెంట్ స్టేటస్ చూడండి.

8. దరఖాస్తు ప్రింట్ తీసి, మీరు కాకుండా ఇంట్లో ఇంకెవరైనా చదివేలా చూడండి. మన పేరులో తప్పు మన కంటికి ఆనదు. మా తమ్ముడి ఫారంలో ఇంటిపేరులో ఒక అక్షరం రెండుసార్లు పడితే, వాడూ మరదలూ ఇద్దరూ చూసి బాగుందన్నారు. అమ్మ మెమో పక్కన పెట్టుకుని వేలితో అక్షరం అక్షరం చూసి పట్టుకుంది. దరఖాస్తు నంబర్ స్క్రీన్‌షాట్ తీసి ఇద్దరి ఫోన్లలో ఉంచుకోండి.

వెబ్‌సైట్ మీ వల్ల కాదనిపిస్తే మీసేవ కేంద్రానికి వెళ్లండి, సర్వీస్ చార్జీ తీసుకుని నింపి పెడతారు. ఆఫీసు చుట్టూ ఉండే దస్తావేజు లేఖరులు కూడా చేసిపెడతారు, కానీ ఎంత తీసుకుంటారో ముందే అడగండి. ఎవరు నింపినా చివరి బటన్ నొక్కే ముందు తెర మీ వైపు తిప్పించుకుని చదవండి. "అమ్మాయి, అబ్బాయి రానక్కర్లేదు, సర్టిఫికెట్ ఇంటికి తెచ్చిస్తాం" అనేవాళ్ల దగ్గర మాత్రం ఒక్క రూపాయి పెట్టకండి.

ఆఫీసుకు వెళ్లే రోజు

స్లాట్‌కి అరగంట ముందే చేరండి. అప్‌లోడ్ చేసిన ప్రతి కాగితం ఒరిజినల్, దాని జిరాక్స్ రెండేసి కాపీలు, అదనంగా నాలుగు పాస్‌పోర్టు ఫొటోలు, ఒక గమ్ ట్యూబ్, రెండు పెన్నులు పెట్టుకోండి.

సాక్షులు పెళ్లికి వచ్చినవాళ్లు, మీ ఇద్దరినీ ఎరిగినవాళ్లు అయితే మేలు. రెండు వైపుల నుంచీ ఉంటే ఇంకా మంచిది. ముగ్గురు కావాలి, నేనైతే ఎప్పుడూ నలుగురిని పిలవమంటాను. ఎవరో ఒకరు ట్రాఫిక్‌లో చిక్కుకుంటారు, లేదా ఆధార్ ఇంట్లో మర్చిపోయి వస్తారు. ఫారంలో రాసిన సాక్షి రాలేకపోతే ఆ సంగతి లోపలికి వెళ్లగానే చెప్పండి, సంతకాల దాకా ఆగి చెప్పకండి.

సబ్ రిజిస్ట్రార్ ఒరిజినల్స్‌ని దరఖాస్తుతో పోల్చి చూస్తారు. రెండు మూడు ప్రశ్నలు అడగొచ్చు, పెళ్లి ఎక్కడ జరిగింది, ఎప్పుడు అని. ఆ తర్వాత రిజిస్టర్‌లో మీ ఇద్దరి, సాక్షుల సంతకాలు తీసుకుంటారు. సంతకం మీ పాస్‌పోర్టులోనో, పాన్‌లోనో ఉన్నట్టే పెట్టండి. కొత్త ఇంటిపేరుతో కొత్త సంతకం మొదలుపెట్టే రోజు ఇది కాదు.

సర్టిఫికెట్ చేతికొచ్చాక

సంతోషంలో మడతపెట్టి బ్యాగులో పెట్టేసుకోకండి. అక్కడే నిలబడి చూడాల్సినవి: ఇద్దరి పేర్ల స్పెల్లింగ్, తండ్రుల పేర్లు, పుట్టిన తేదీ లేదా వయసు, పెళ్లి తేదీ, పెళ్లి జరిగిన చోటు, సబ్ రిజిస్ట్రార్ సంతకం, ఆఫీసు ముద్ర, రిజిస్ట్రేషన్ నంబర్, సంవత్సరం. తప్పుంటే బయటకు రాకముందే చెప్పండి. ఇంటికెళ్లాక గమనిస్తే అదే ఆఫీసులో ఆధారాలతో సవరణకు మళ్లీ దరఖాస్తు పెట్టుకోవాలి, తిరుగుడు ఎక్కువ.

రిజిస్ట్రేషన్ నంబర్, సంవత్సరం, ఆఫీసు పేరు ఈ మూడూ విడిగా ఒక చోట రాసి పెట్టుకోండి. సర్టిఫికెట్ పోయినా, చిరిగినా ఆ మూడింటితో ధ్రువీకరించిన నకలు తీసుకోవచ్చు. అవి లేకపోతే వెతకడమే పెద్ద పని అవుతుంది.

తరచూ అడిగే మరికొన్ని

"మాకు పదిహేనేళ్ల క్రితం పెళ్లయింది, ఇప్పుడు చేయించుకోవచ్చా?" చేయించుకోవచ్చు. శుభలేఖ దొరక్కపోతే పాత పెళ్లి ఫొటోలు, ఇద్దరి పేర్లూ ఉన్న రేషన్ కార్డు, తల్లిదండ్రులుగా మీ పేర్లున్న పిల్లల బర్త్ సర్టిఫికెట్లు తీసుకుని ముందు ఆఫీసుకు వెళ్లి కలవండి. ఆన్‌లైన్‌లో నింపడం ఆ తర్వాత.

"కల్యాణలక్ష్మి డబ్బులు వచ్చాయి, అంటే రిజిస్టర్ అయినట్టే కదా?" కాదు. అది సాయం పథకం, దాని దరఖాస్తు వేరు. సబ్ రిజిస్ట్రార్ దగ్గర నమోదు విడిగా చేయించుకోవాలి.

"ఊళ్లో పంచాయతీ కార్యదర్శి ఇచ్చిన సర్టిఫికెట్ ఉంది, సరిపోతుందా?" చాలా పనులకు సరిపోతుంది. విదేశీ వీసా కోసమైతే ఆ కాన్సులేట్ ఏది అడుగుతుందో వాళ్ల వెబ్‌సైట్‌లో చదివి నిర్ణయించుకోండి.

"విదేశంలో చూపించాలంటే ఈ సర్టిఫికెట్ ఇలాగే సరిపోతుందా?" కొన్ని దేశాలు అపోస్టిల్ అడుగుతాయి, అంటే కాగితం అసలైనదేనని మన విదేశాంగ శాఖ వేసే ముద్ర. దీన్ని ఒప్పుకోవడానికి దేశాల మధ్య ఒక ఒప్పందం ఉంది. ముందు రాష్ట్ర ప్రభుత్వ ధ్రువీకరణ, తర్వాత విదేశాంగ శాఖ ముద్ర. ఆ ఒప్పందంలో లేని దేశమైతే విదేశాంగ శాఖ తర్వాత ఆ దేశపు ఎంబసీ ముద్ర కూడా కావాలి. గల్ఫ్ అంతా ఒకటే అనుకోకండి: ఒమన్, బహ్రెయిన్, సౌదీ అరేబియా అపోస్టిల్ ఒప్పందంలో ఉన్నాయి. ఈ ముద్రలన్నీ ఒరిజినల్ మీదే, ఎక్కువగా వెనక వైపే వేస్తారు. అందుకే పాడవకుండా ఉంటుందని సర్టిఫికెట్‌ని లామినేషన్ చేయించకండి. ప్లాస్టిక్ కవర్‌లో పెట్టి, మడత పడకుండా ఫైల్‌లో ఉంచండి.